సిమెంటు కాగితం

మొదటి రోజు దారం ఇవ్వలేదు.
సిమెంటు బస్తా విప్పి, దులిపి,
ఆ గోధుమరంగు కాగితం మీద
చాక్‌తో ఒక గీత గీసి
"దీని మీద నడిపించు" అంది మేడమ్ డుఫీ.
వట్టి సూది. వట్టి చప్పుడు.

నాకు యాభై ఆరు.
ఆమెకు ముప్పై దాటలేదు.
కుమాసీ బజార్లో ముప్పై ఏళ్లు
పెండలం దుంపలమ్మాను.
దుంప చేతికెత్తగానే
లోపల పుచ్చుందో లేదో చెప్పేదాన్ని.
మోకాళ్లు ఇక మొయ్యమన్నాక
ఇక్కడికొచ్చి, పదహారేళ్ల పిల్లల మధ్య
పొట్టి బెంచీ మీద కూర్చున్నాను.
అక్కా అనాలో అమ్మమ్మా అనాలో తేలక
కొనాదు అనే పిల్ల
"కొత్తమ్మాయీ" అని పిలిచింది.
షాపంతా నవ్వింది.
ఆ పేరే ఉండిపోయింది.

చేతి మిషన్.
కుడిచెయ్యి చక్రం తిప్పాలి,
ఎడమచెయ్యి కాగితాన్ని నడపాలి.
నా రెండు చేతులూ ఒక మాట మీద ఉండవని
ఇన్నేళ్లూ నాకు తెలీదు.
బేరం తెగినట్టు కుడిదానికి తొందర,
చిల్లర లెక్కపెడుతూ ఎడమది వెనకే.
సాయంత్రం కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూస్తే
చీమలు దారి తప్పినట్టు
బెజ్జాలే బెజ్జాలు,
గీతకి అటూ ఇటూ.
గీత మీద మాత్రం మూడో, నాలుగో.

దారం ఇచ్చిన రోజు ఇంకో తంటా.
కొనని నాలుకతో తడిపాను, పళ్లతో కొరికాను.
బెజ్జం ఉందనుకున్న చోట లేదు.
కొనాదు వచ్చి
సూది వెనక తెల్లకాగితం ముక్క పట్టుకుంది.
"కళ్లతో పనిలేదు కొత్తమ్మాయీ,
వెనకాల తెలుపుంటే చాలు."
దూరింది.

దిండు గలీబు కుట్టాను.
తిన్నగా, గర్వంగా,
నాలుగు వైపులా.
మేడమ్ దాన్ని తిప్పి తిప్పి చూసి
"దిండు ఎటునుంచి దూరుతుంది?" అనడిగింది,
కోపంగా కాదు,
నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.
బ్లేడు ముక్క చేతిలో పెట్టింది.
కుట్టడానికి గంట,
విప్పడానికి ఒక పూట.
విప్పుతుంటే కనిపించింది,
కింది దారం పైదారాన్ని
అడుగడుగునా ఎలా పట్టుకుని ఉందో.
కుట్టేటప్పుడు అదేదీ కనబడదు.

వేడి కుండ దించే గుడ్డ:
చదరంగా కుట్టాననే అనుకున్నాను.
నాలుగు మూలలూ నాలుగు ఊళ్లవి.
అయినా చెయ్యి కాలలేదు.

కిటికీ తెర జానెడు పొట్టి.
మడతలకి గుడ్డ వదలాలని మర్చిపోయాను,
పైన కాస్త, కింద కాస్త
మడతలే మింగేశాయి.
మనవడు ఓపోకు నేల మీద బోర్లా పడుకుని
ఆ సందులోంచి
వీధిలో పోయే కాళ్లకి పేర్లు పెడుతున్నాడు.
చెప్పుల గరగరాయన. సబ్బునీళ్లావిడ.
ఎవరిదో కుంటి మేక, దానికి ఏకంగా మూడు పేర్లు.
ముక్క అతుకుతానంటే ఏడుపందుకున్నాడు.
సరే, ఉండనీ.

నిన్న దుమ్ముగాలి.
షాపులో కరెంటు పోయింది,
చేతి మిషన్‌కి దాంతో పనేముంది?
నాకోసం నేను స్కర్టు కుడుతున్నాను.
నీలం మీద పసుపు గవ్వల అచ్చు,
గజాల లెక్కన బేరమాడి కొన్నది.
చక్రం తిరుగుతోంది.
చేతులు రెండూ పోట్లాట ఎప్పుడు మానాయో
నేను గమనించనే లేదు.
చివరిదాకా కుట్టి ఎత్తితే
రెండు ముక్కలూ విడివిడిగా ఒళ్లో పడ్డాయి.

కండెలో దారం ఎప్పుడో అయిపోయింది.
పట్టుకునే కింది దారం లేక
పైదారం ఒక్కటే
పురుగులా ఊడి వచ్చింది.

పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు.
మేడమ్ డుఫీ లేచి వచ్చి
ఆ గుడ్డని గుమ్మం వెలుగుకి ఎత్తింది.
నడుము నుంచి అంచుదాకా బెజ్జాలు.
ఒక్కటీ పక్కకి పోలేదు.
చాలాసేపు చూసింది.

"కండె నింపుకో" అంది.
"మళ్లీ వాటిలోంచే పోనివ్వు."